యార్డు చెయ్యి

మార్చి నెల. గుంటూరు మిర్చి యార్డులో రాత్రి పదిన్నర.
వేలం ముగిసింది, కాటాలు ఆగాయి.
తాలు కాయలు ఏరే ఆడవాళ్ళు నలుగురు
రేకుల షెడ్డు కింద ఇంకా కూర్చునే ఉన్నారు,
కిలోకి ఇంతని కూలి గనక.

నేను కాటా గుమాస్తాని.
బి.యస్సీ. ఫిజిక్సు రెండో ఏడుతో ఆపేసినవాణ్ణి.
బస్తాకీ బస్తాకీ మధ్య దొరికే తీరికలో
పాత పాఠ్యపుస్తకం ఒకటి తిరగేస్తుంటాను.
అట్ట మీద పాలపుంత,
పాలపుంత మీద నా టీ గ్లాసు మరక.

"ఏముంది సారూ అందులో?" అంది సువార్తమ్మ.
ఈ యార్డూ, నల్లపాడు రైలుకట్టా, కొండవీడూ,
చుక్కలూ, చుక్కల వెనక చుక్కలూ
ఒకప్పుడు ఆవగింజ కన్నా చిన్నచోట
కుక్కి ఉండేవన్నాను.
"కుక్కిందెవరు?"
తెలీదన్నాను.
"బస్తాకి నలభై కిలోలు తొక్కితేనే
మా జాకోబుకి నడుం పట్టేస్తది."
తర్వాత విచ్చుకుందన్నాను.
"ఎక్కడ?"

నేనూ అక్కడే ఆగాను, ఇరవై ఏళ్ళ కిందట,
మాస్టారు బోర్డు మీద ఒక చుక్క పెట్టినప్పుడు.
చుక్క చుట్టూ బోర్డుంది కదా అని.
"ఒకచోటని కాదు, అన్నిచోట్లా" అన్నాను.
దళారి రేటు చెప్పినప్పుడు రైతు చూసే చూపు
చూసింది నావైపు.

అంతలో ఎవరో ఏదో షెడ్డులో బస్తా ఈడ్చారు.
ఘాటు లేచింది.
మా దగ్గర తుమ్ములు, ఆరో నంబరు షెడ్డులో తుమ్ములు,
గేటు దగ్గర వాచ్‌మన్ దగ్గు.
ఎవరికి వాళ్ళం
మన పక్క బస్తానే పగిలిందనుకున్నాం.
కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని
"ఇట్టాగా?" అంది.
ఇట్టాగే.
పుస్తకంలో ఆ పేజీకి ఇంత మంచి బొమ్మ లేదు.

గేటు బయట లారీలు కదిలాయి,
నాగపూరుకొకటి, చెన్నైకొకటి, కలకత్తాకి రెండు.
దూరం జరిగే వెలుగు ఎరుపుకి తిరుగుతుందని
చెప్పబోయి మానుకున్నాను.
లారీ వెనక దీపం దగ్గరున్నా ఎరుపే.
పైగా అక్కడ పరిగెత్తేది లారీ కాదు,
సాగేది రోడ్డు.

వాళ్ళకి బాగా నచ్చింది తూకం సంగతి.
విశ్వం మొత్తంలో కంటికి ఆనేది
ఇరవయ్యో వంతేనట,
మిగతాది ఏమిటో ఎవరికీ అంతుపట్టదట,
లెక్కలో మాత్రం ఉందట.
నలుగురూ పగలబడి నవ్వారు.
"తరుగు! తరుగు సారూ!
పైన కూడా మన షావుకారేనా?"

నవ్వాగాక అడిగింది, "అంతకు ముందో?"
ముందు అన్నదే లేదన్నాను,
కాలం కూడా అప్పుడే మొదలు.
ఆమె ఏమీ అనలేదు.
తాలు ఎడమకి, మంచికాయ కుడికి.
తాలు ఎడమకి.

"అయితే మొదలంతా మంటేనా?"
మంటే. సాగేకొద్దీ చల్లారుతూ వచ్చింది.
పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ళు.
కాస్త ఇంకా మిగిలే ఉంది,
ఏ మూలకి చూసినా దాదాపు ఒకే తీరుగా,
వెచ్చదనం అనడానికి కూడా చాలనంత.

బల్బు కిందకి అరచేతులు చాపింది సువార్తమ్మ.
"నా చిన్నది పాలుతాగే రోజుల్లో
సబ్బు పెట్టి కడిగేదాన్ని, మజ్జిగ పెట్టి కడిగేదాన్ని.
అయినా ఒంటిమీద చెయ్యేస్తే కెవ్వుమనేది.
మోచేత్తో జోకొట్టేదాన్ని సారూ.
చల్లారుద్ది. పోదు."

పుస్తకం మూసేశాను.
ఆ రాత్రి ఇంటికొచ్చి, చేతులు రెండుసార్లు కడిగి,
అన్నం తిని, పడుకోబోతూ
మరిచిపోయి కన్ను నులుముకున్నాను.

మా ఆవిడ చన్నీళ్ళ చెంబు తెచ్చి
"మళ్ళీ యార్డు చేత్తోనేనా" అంది.